రికార్డింగులో టిక్కుమనే చప్పుడు, ఉమ్మడి ఇంటరప్టు సంగతి

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ సాంకేతిక పేజీలో ఒక పాఠకుడు, లినక్స్ ఉన్న తన కంప్యూటర్‌లో పాట రికార్డు చేస్తుంటే మధ్యమధ్య టిక్కుమనే చప్పుడు పడుతోందనీ, కారణం చెప్పమనీ అడిగారు. ర్యామ్ పెంచుకోవాలనీ, ప్రాసెసర్ పాతదైతే మార్చుకోవాలనీ, అప్పటికీ పోకపోతే ధ్వని పనులకు లినక్స్ పనికిరాదని గ్రహించి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారిపోవాలనీ మీ శీర్షిక నిర్వాహకులు జవాబిచ్చారు. ఈ మూడు సలహాల్లో మొదటి రెండూ నేను డబ్బు పోసి పాటించి చూసినవి. మూడోది పాటించబోయి చివరి నిమిషంలో ఆగినది. నా అనుభవం ఆ పాఠకుడికీ, ఆయన లాంటి మరికొందరికీ ఉపయోగపడవచ్చుననే ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మన్నించగలరు.

మా బావగారు వీణ పాఠాలు చెబుతారు. ఆయన శిష్యుల్లో అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరున్నారు. వారికి పంపే పాఠాలను మా మేడ మీది గదిలో రికార్డు చేసిపెట్టడం నా పని. అందుకు వాడుతున్నది 2010 ప్రాంతంలో విడిభాగాలు కొని కూర్పించుకున్న సిస్టమ్. అందులో పాత తరహా పీసీఐ స్లాటులో కూర్చునే సౌండ్ కార్డు ఒకటి, రికార్డయినదంతా దాచుకోవడానికి యూఎస్‌బీ తీగతో బయట తగిలించిన హార్డ్ డిస్కు ఒకటి ఉన్నాయి. ముందుగా మృదంగం రికార్డు చేసి ఉంచుతాము. బావగారు దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ వీణ వాయిస్తారు, తన వీణ కూడా కంప్యూటర్ గుండానే ఆయన చెవికి చేరుతుంది. మీటు పడినదానికీ చెవిన పడినదానికీ మధ్య ఎడం వస్తే తాళం చెడుతుంది గనుక, ఆ ఆలస్యం వీలైనంత తక్కువగా ఉండాలి.

మాకు పట్టుకున్న జబ్బు ఎలా ఉండేదంటే, రికార్డింగు మొదలుపెట్టాక దాదాపు అర నిమిషం ఏ ఇబ్బందీ ఉండేది కాదు. తరువాత ఒక్కసారి రెండు మూడు టిక్కులు పడేవి. మళ్లీ అర నిమిషం శుభ్రంగా నడిచి, మళ్లీ టిక్కులు. రికార్డు చెయ్యకుండా ఊరికే వాయించుకుంటూ వింటే మాత్రం ఎంతసేపైనా ఏమీ ఉండేది కాదు. రిపేరు దుకాణం వారు మొదట మైకు తీగను అనుమానించారు, తరువాత ర్యామ్‌ను, ఆపైన ప్రాసెసర్‌ను. అన్నీ మార్చాము. టిక్కులు మాత్రం వేళ తప్పకుండా పడుతూనే వచ్చాయి. అంత క్రమంగా వచ్చే జబ్బు నీరసం వల్ల వచ్చింది కాదేమోనని నాకు అప్పుడైనా తోచి ఉండవలసింది, తోచలేదు.

ధ్వని కంప్యూటర్‌లోకి ఎలా చేరుతుందో చెబితే గాని మిగతాది అర్థం కాదు. మునిసిపాలిటీ కుళాయి కింద బిందె పెట్టి నీళ్లు పట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. సౌండ్ కార్డు ఆగని కుళాయి. సెకనుకు 48,000 చొప్పున శాంపిళ్లు, అంటే ధ్వనిని కొలిచిన అంకెలు, ధారగా పడుతూనే ఉంటాయి. వాటిని పట్టడానికి మెమరీలో కనీసం రెండు బిందెలు ఉంచుతారు. ఒకటి నిండగానే కార్డు ప్రాసెసర్‌ను పిలుస్తుంది, రెండోది నిండేలోగా మొదటి బిందెను ఖాళీ చెయ్యాలి. అలా చెయ్యలేకపోతే కొత్త నీరు పాత నీటి మీదుగా పొర్లిపోతుంది, అక్కడ ధ్వని తెగుతుంది. ఆ తెగిన చోటే మనకు టిక్కుగా వినబడుతుంది. వినిపించేటప్పుడు ఇదే తిరగబడి, బిందె నింపి ఇవ్వడం ఆలస్యమైతే కార్డుకు ఇవ్వడానికి ధ్వని ఉండదు. ఈ రెండు ప్రమాదాలనూ కలిపి లినక్స్ ధ్వని లోకంలో ఎక్స్‌రన్ అంటారు.

బిందె ఎంత పెద్దదన్నది మన ఇష్టం. 1,024 శాంపిళ్ల బిందె నిండడానికి 21 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది గనుక ప్రాసెసర్ తీరుబడిగా రావచ్చు. కాని రెండు బిందెల ఆలస్యం కలిపితే దాదాపు 43 మిల్లీసెకన్లు. ధ్వని గాలిలో సెకనుకు 343 మీటర్ల చొప్పున పోతుందన్న లెక్కన, తన ఒళ్లో ఉన్న వీణను వైణికుడు దాదాపు 15 మీటర్ల దూరం నుంచి విన్నట్టు వింటాడు. ఆ స్థితిలో ఎవరూ వాయించలేరు. అందుకని మేము 64 శాంపిళ్ల చిన్న బిందె పెట్టుకున్నాము. అది 1.33 మిల్లీసెకన్లలో నిండుతుంది, అంటే కార్డు సెకనుకు 750 సార్లు ప్రాసెసర్‌ను పిలుస్తుంది, పిలిచిన ప్రతిసారీ ఆ 1.33 మిల్లీసెకన్లు దాటకుండా పని అయిపోవాలి. గంటలో మూడువేల ఆరువందల సెకన్లు. ఒక గంట రికార్డింగంటే 27 లక్షల పిలుపులు. వాటిలో పది పిలుపులకు జవాబు ఆలస్యమైనా మనకు పది టిక్కులు మిగులుతాయి. ప్రాసెసర్ మొత్తం మీద ఎంత పని చెయ్యగలదన్న లెక్క ఇక్కడ అక్కరకు రాదు. నా కొత్త ప్రాసెసర్ అప్పట్లో నూటికి తొంభై వంతుల సమయం ఖాళీగానే కూర్చునేది.

ఆ పిలుపునే ఇంటరప్టు అంటారు. ఇక్కడే ఉమ్మడి వ్యవహారం వస్తుంది.

1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటరప్టులకు 8 తీగలు ఉండేవి. 1984లో అదే కంపెనీ తెచ్చిన ఏటీ అనే మోడల్లో రెండో చిప్పును మొదటిదానికి తగిలించి 15 వాడుకోదగ్గ తీగలు చేశారు. కీబోర్డు, గడియారం, డిస్కులు, ప్రింటరు వంటివి తలా ఒకటి తీసుకోగా మిగిలినవి కొద్ది. ఆ రోజుల్లో సౌండ్ కార్డు కొన్నవారికి కార్డు మీది చిన్న జంపరును మార్చి 5 లేదా 7 నంబరు ఇవ్వడం, 7 ఇస్తే ప్రింటరుతో తగవు రావడం గుర్తుండే ఉంటుంది. 1992లో వచ్చిన పీసీఐ పద్ధతి, ఒకే తీగను అనేక పరికరాలు పంచుకోవచ్చునని నియమం పెట్టి ఈ తగవు తీర్చింది. తీర్చిన మాట నిజమే, కాని కొత్త కాపురం ఉమ్మడి కాపురమైంది.

నాలుగు వాటాల ఇంటికి వీధి గుమ్మం దగ్గర ఒకే గంట ఉందనుకోండి. గంట మోగితే వచ్చినవారు ఎవరి కోసం వచ్చారో గంటను బట్టి తెలియదు. లినక్స్‌కు మూలమైన కెర్నెల్, ఆ తీగ మీద నమోదైన డ్రైవర్లను (ఒక్కొక్క పరికరాన్ని నడిపే ప్రోగ్రాములను) వరుసగా పిలిచి, మీ పరికరమేనా పిలిచిందని అడుగుతుంది. ప్రతి డ్రైవరూ తన పరికరాన్ని విచారించి, తనదైతే పని చూసుకుని అవునంటుంది, కాకపోతే కాదంటుంది. విచారించడానికి పట్టేది మామూలుగా కొద్ది మైక్రోసెకన్లే గనుక, గంట ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన కొంప మునిగిపోదు. కాని ఆ వాటాల్లో ఒకరు గుమ్మంలోనే నిలబడి సుదీర్ఘంగా మాట్లాడే మనిషైతే, వారి వెనుక ఉన్నవారు అంతసేపూ ఆగవలసిందే. డ్రైవర్లలోనూ అటువంటివి ఉన్నాయి. ఇంటరప్టు పనిలో ఉన్నంతసేపూ ఆ ప్రాసెసర్ కోర్ మీద ఇతర ఇంటరప్టులు కూడా ఆగి ఉంటాయి. ఎవరూ నాది అనకపోతే మరో ముప్పు ఉంది: లక్ష పిలుపుల్లో 99,900 పిలుపులకు పైగా అనాథలుగా మిగిలితే, లినక్స్ ఆ తీగను పూర్తిగా మూసేసి, దీన్ని ఎవరూ పట్టించుకోలేదని లాగ్‌లో రాస్తుంది. దోషం ఒక వాటాది, గంట పోయేది నలుగురికీ.

మా సిస్టమ్‌లో జరిగినది తెలుసుకోవడానికి చివరికి ఒక్క ఫైలు చాలింది. ప్రోక్ డైరెక్టరీలో ఇంటరప్ట్స్ అనే ఫైలు ఉంటుంది. టెర్మినల్‌లో క్యాట్ కమాండుతో దాన్ని చూస్తే, ఎడమ పక్క ఇంటరప్టు నంబరు, తరువాత ఒక్కొక్క కోర్ మీద అది ఎన్నిసార్లు మోగిందో లెక్క, కుడి చివర ఆ నంబరును వాడుకుంటున్న డ్రైవర్ల పేర్లు కనబడతాయి. ఒకే వరుసలో కామాతో రెండు మూడు పేర్లు ఉంటే అది ఉమ్మడి తీగ అన్నమాట. మా దాంట్లో 16వ నంబరు ఎదుట సౌండ్ కార్డు డ్రైవరు, దాని పక్కనే యూఎస్‌బీ కంట్రోలర్ డ్రైవరు, ఆ పక్కన గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు ఉన్నాయి. ఆ యూఎస్‌బీ కంట్రోలర్‌కే మా బయటి హార్డ్ డిస్కు తగిలించి ఉంది.

అర నిమిషం సంగతి కూడా అప్పుడే విడిపోయింది. డిస్కుకు రాయవలసినదాన్ని లినక్స్ వెంటనే పంపదు. మెమరీలో పోగేసుకుని, మామూలుగా 5 సెకన్లకోసారి లేచి చూసి, 30 సెకన్లు పాతబడినదాన్ని ఒక్కుమ్మడిగా పంపుతుంది. అంటే దాదాపు అర నిమిషానికోసారి మా బయటి డిస్కుకు పెద్ద మూట పోయేది. యూఎస్‌బీ కంట్రోలర్ ఆ మూట తాలూకు ఇంటరప్టులతో 16వ గంటను ఎడతెరిపి లేకుండా మోగించేది, అదే గంట మీద సౌండ్ కార్డు పిలుపు వెనకబడేది. రికార్డు చెయ్యనప్పుడు మూట లేదు కాబట్టి టిక్కూ లేదు. మేము ధ్వనిని దాచుకోవడానికి తగిలించిన డిస్కే ధ్వనిని పాడుచేస్తోంది. ర్యామ్‌కు పెట్టిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

మందు మాత్రం చవకే. కంప్యూటర్ ఆపి, సౌండ్ కార్డును ఒక స్లాటు నుంచి పక్క స్లాటుకు మార్చాము. ప్రతి పీసీఐ స్లాటుకూ ఏ, బీ, సీ, డీ అని నాలుగు ఇంటరప్టు తీగలు వస్తాయి. చాలా కార్డులు మొదటిదాన్నే వాడుకుంటాయి గనుక, అందరూ ఒకే తీగ మీద పడకుండా మదర్‌బోర్డు చేసేవారు స్లాటు స్లాటుకూ ఆ వరుసను తిప్పి కలుపుతారు. అందుచేత పక్క స్లాటులో అదే కార్డుకు వేరే నంబరు వస్తుంది. మాకు 18 వచ్చింది, ఆ వరుసలో మరెవరూ లేరు. పనిలో పనిగా, కంప్యూటర్ వెయ్యగానే మొదట నడిచే బయోస్‌లోకి వెళ్లి, ఎవరూ వాడని సీరియల్ పోర్టునూ, బోర్డు మీదే ఉన్న మరో సౌండ్ చిప్పునూ ఆపేశాము. ఆ రోజు సాయంత్రం బావగారు కల్యాణి వర్ణం పూర్తిగా వాయించారు, ఒక్క టిక్కూ పడలేదు.

స్లాటు మార్చే వీలు లేనివారికి మరో దారి ఉంది. 2011లో వచ్చిన 2.6.39 కెర్నెల్ నుంచి, బూట్ అయ్యేటప్పుడు థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ అనే మాట చేర్చితే, చాలా వరకు ఇంటరప్టు పనులు వేర్వేరు థ్రెడ్లుగా, అంటే ఏది ముందో ఏది వెనుకో మనం నిర్ణయించదగ్గ విడి పనులుగా, నడుస్తాయి. అవి మామూలుగా 50 ప్రాధాన్యంతో ఉంటాయి; సౌండ్ కార్డు థ్రెడ్‌కు 90 ఇస్తే, ఇతరుల కంటే ముందుగా దాని పని అవుతుంది. ఆర్‌టీఐఆర్‌క్యూ అనే చిన్న స్క్రిప్టు ఈ ప్రాధాన్యాలను బూట్ అయిన ప్రతిసారీ తానే సర్దిపెడుతుంది. ఉమ్మడి తీగ మీద ఉన్న ఒక్కొక్క డ్రైవరుకూ విడి థ్రెడ్ వస్తుంది గనుక ఇది ఉమ్మడి కాపురంలోనూ పనిచేస్తుంది, కాని పూర్తిగా కాదు. ఆ తీగ మీది థ్రెడ్లన్నీ తమ పని ముగించేదాకా కెర్నెల్ గంటను మూసే ఉంచుతుంది. తక్కువ ప్రాధాన్యమున్న పొరుగువాడు తాపీగా ముగిస్తే సౌండ్ కార్డు తరువాతి పిలుపు అంతసేపూ వినబడదు. ప్రాధాన్యం పెంచాను, అయినా టిక్కులు పోలేదని కొందరు చెప్పడానికి ఇదొక కారణం. కాబట్టి ముందు తీగ వేరుచేసుకుని, ఆ తరువాతే ప్రాధాన్యాల జోలికి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

లినక్స్ ధ్వని పనులకు తగదన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. ఆలస్యానికి హద్దు ఉండేలా కెర్నెల్‌ను తీర్చిదిద్దే ప్రీఎంప్ట్ ఆర్‌టీ అనే పని 2004 ప్రాంతంలో ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ వంటివారి చేతుల మీదుగా మొదలై, ఇరవై ఏళ్లు విడి ప్యాచ్‌గా నడిచి, 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నెల్‌తో ప్రధాన స్రవంతిలో కలిసింది. ఇంటరప్టులను థ్రెడ్లుగా మార్చే ఏర్పాటు కూడా ఆ కృషి నుంచి వచ్చినదే. ఇంత శ్రద్ధగా ఆలస్యాన్ని పట్టించుకున్న వ్యవస్థను ఒక్క వాక్యంలో కొట్టిపారెయ్యడం న్యాయం కాదు. అయితే వాడేవారు తమ యూజర్‌ను ఆడియో గుంపులో చేర్చి, రియల్‌టైమ్ ప్రాధాన్యం వాడుకునే అనుమతి తెచ్చుకోవలసి ఉంటుందన్నదీ, ఆ సంగతి కొత్తవారికి ఎవరూ ముందుగా చెప్పరన్నదీ నేను ఒప్పుకుంటాను.

అన్ని టిక్కులకూ ఉమ్మడి ఇంటరప్టే కారణమని నా వాదన కాదు. ఇటీవలి సిస్టముల్లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాలు చాలావరకు తీగ మీద గంట కొట్టవు. మెమరీలో ఒక చిరునామాకు చిన్న సందేశం రాసి పిలుస్తాయి. దాన్ని ఎంఎస్ఐ అంటారు, ఇంటరప్ట్స్ ఫైలులో పీసీఐ-ఎంఎస్ఐ అని కనబడుతుంది. అది ఎవరి గంట వారికే ఉన్న ఇల్లు. అటువంటి చోట తప్పు మరొకచోట వెతకాలి: విద్యుత్తు ఆదా కోసం ప్రాసెసర్ వేగాన్ని మాటిమాటికీ తగ్గించి పెంచే గవర్నర్ కావచ్చు, వైఫై డ్రైవరు కావచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండా బయోస్ ప్రాసెసర్‌ను తన పనికి లాక్కునే ఎస్ఎంఐ కావచ్చు. ఈ చివరిదానికి కెర్నెల్ దగ్గర మందు లేదు. యూఎస్‌బీ సౌండ్ పెట్టె వాడేవారి చిక్కు మరో రకం. తీగ ఉమ్మడిది కాకపోయినా, ఒకే కంట్రోలర్ కింద కెమెరా, డిస్కు, సౌండ్ పెట్టె మూడూ ఉండవచ్చు. ఏ పోర్టు ఏ కంట్రోలర్‌దో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండుకు టీ అనే ఆప్షన్ చేర్చి చూడవచ్చు, రెండు కంట్రోలర్లుంటే సౌండ్ పెట్టెను ఒంటరిగా ఉన్నదానికి తగిలించుకోవచ్చు.

కాని మీ పాఠకుడు రాసినదాన్ని బట్టి ఆయనది పన్నెండేళ్ల నాటి అసెంబుల్డ్ సిస్టమ్. మన ఊళ్లలో పాటలు, హరికథలు, పాఠాలు రికార్డు చేసుకునేవారు చాలామంది వాడుతున్నవి ఇటువంటివే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవీ ఎక్కువే. వీటిలో పాత పీసీఐ స్లాట్లు, ఉమ్మడి తీగలు ఇంకా సజీవంగా ఉన్నాయి. అటువంటివారికి కొత్త ప్రాసెసర్ కొనమని చెప్పేముందు, ఖర్చు లేకుండా ఒక్క నిమిషంలో చూడగలిగిన ఫైలును చూడమని చెప్పడం మీ శీర్షిక బాధ్యత అని నా మనవి.

మరో మాట దుకాణాల వారికీ, వారికి పని నేర్పే ఐటీఐలకూ, పాలిటెక్నిక్‌లకూ. పాత మదర్‌బోర్డులతో వచ్చే చిన్న పుస్తకంలో, ఏ స్లాటు ఏ ఇంటరప్టును ఎవరితో పంచుకుంటుందో తెలిపే పట్టిక ఒక పేజీలో అచ్చయి ఉండేది. మా బోర్డు పుస్తకంలోనూ ఉంది. అట్టపెట్టెలో అడుగున, నేను పదేళ్లు తెరవని పుస్తకంలో, సౌండ్ కార్డు కూర్చున్న స్లాటు ఎదుట ఉమ్మడి అని స్పష్టంగా రాసి ఉంది. రిపేరుకు కూర్చున్న కుర్రవాడికి ఆ పట్టిక చదవడం ఎవరైనా ఒక్క పూట నేర్పి ఉంటే మా సిస్టమ్ మొదటి రోజే బాగుపడేది. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు. అతను ధ్వని తెగడం చూసి మైకు తీగను అనుమానించడంలో వింత ఏమీ లేదు.

ఆ పాఠకుడు తన ఇంటరప్ట్స్ ఫైలులోని వరుసలను మీ కార్యాలయానికి పంపగలిగితే, రికార్డింగు మొదలుపెట్టక ముందు ఒకసారి, రెండు నిమిషాలు నడిచాక ఒకసారి తీసి పంపమనండి. రెండింటిలో లెక్కలు ఎక్కడ ఎక్కువగా పెరిగాయో చూస్తే పొరుగువాడెవరో తెలిసిపోతుంది. చదివి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం